జేబులో మూడు రోజులు

అల్ఫారెట్టా, జార్జియా
ఏప్రిల్ 19

అప్పలస్వామి బావకి,

సింహాచలం రాస్తున్నది. ముందుగా నా చేతిరాతకు ఏమీ అనుకోవద్దు. నాది ఐదో తరగతి చదువు. దానికితోడు ఈమధ్య వేళ్లు కలాన్ని సరిగ్గా పట్టడం లేదు. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పితే నువ్వే సరిచేసుకుని చదువుకో.

నువ్వు మీ తేజేశ్వర్ దగ్గరికి బాతెల్ వచ్చావని మా శ్యామ్‌సుందర్ చెప్పాడు. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. ముప్పై ఏళ్లు మగ్గాల మోత విన్న చెవులు. మిషను పెట్టుకున్నా ఫోన్‌లో మాట తెలియడం లేదని మీవాడు అన్నాడట. అందుకని ఉత్తరం. నెల్లిమర్ల జూట్ మిల్లులో ఒకే గేటులోంచి వెళ్ళి వచ్చినవాళ్లం. ఇప్పుడు ఈ దేశానికి ఆ చివర నువ్వు, ఈ చివర నేను.

నా సంగతి పెద్దగా ఏమీ లేదు. వచ్చి ఆరేళ్లయింది. కొడుకూ కోడలు రష్మీ ఎనిమిదింటికి చెరో కారులో వెళ్ళిపోతారు. వీధి ఉంది గాని అది కార్లకే, మనిషి నడవడానికి అంచు లేదు. తలుపు తీస్తే ఇల్లు ఒకసారి కూస్తుంది. ఆ సంగతి శ్యామ్ ఫోన్‌కి తెలిసిపోతుంది. "ఎక్కడికి నాన్నా?" అని ఫోన్ చేస్తాడు. ఎక్కడికీ కాదంటాను. మళ్ళీ లోపలికి వస్తాను.

మనవడు మానవ్ గురించి చెప్పాలి. ఇరవై ఏళ్లు. వాడికి బేస్‌బాల్ ఆడటమే ఉద్యోగం. చొక్కా మీద కొంగ బొమ్మ ఉండే జట్టు. పెద్ద జట్టుకు ఇది కింది మెట్టు. బాగా ఆడితే పైకి తీసుకుంటారు. వాడు అవుట్‌ఫీల్డర్. అంటే దూరంగా గడ్డిలో నిలబడి, కొట్టిన బంతి పట్టుకుని వెనక్కి విసిరేవాడు. మైదానం ఇంటికి నలభై నిమిషాలే కాబట్టి ఇంట్లోనే పడుకుంటాడు. ఇక్కడ ఆట ఉన్నప్పుడల్లా నన్ను కారులో తీసుకెళ్తాడు. నేను బయటికి వెళ్లడమంటే అదొక్కటే.

నువ్వు కూడా ఈ ఆట చూస్తావా?

ఇట్లు,
సింహాచలం


బాతెల్, వాషింగ్టన్
ఏప్రిల్ 28

సింహాచలం బావా,

నీ రాతకేం, మిల్లు హాజరు పుస్తకంలో నీ సంతకం కన్నా నయంగానే ఉంది. చదవగలిగాను.

ఆట చూస్తావా అని నన్నే అడుగుతున్నావా? మావాడి అన్నం అక్కడినుంచే వస్తోంది. ఇక్కడ చొక్కా మీద ఓడ బొమ్మ ఉండే జట్టు ఒకటుంది. తేజ ఆ జట్టు ఆఫీసులో ఆటగాళ్ల లెక్కలు చూస్తాడు. ఎవడు ఎంత గట్టిగా కొట్టాడు, ఎంత వేగంగా పరిగెత్తాడు అన్నీ కంప్యూటర్‌లో వేసి, ఫలానావాణ్ని తెచ్చుకోండి, ఫలానావాణ్ని ఇచ్చేయండి అని పైవాళ్లకు రాసిస్తాడు. ఒక జట్టువాణ్ని ఇచ్చి ఇంకో జట్టువాణ్ని తెచ్చుకోవడాన్ని ట్రేడ్ అంటారు. నీకు తెలిసే ఉంటుంది.

చెవిటివాడికి ఇంతకన్నా మంచి ఆట లేదు బావా. అంపైరు చెప్పేదంతా చేతులతోనే చెప్తాడు. కోచ్‌లు కూడా ముక్కు గోక్కుంటూ, టోపీ తడుముకుంటూ మాట్లాడుకుంటారు. స్టేడియం మొత్తంలో నాకే అన్నీ అర్థమవుతున్నట్టు ఉంటుంది.

మీ మానవ్ ఆట తేజ ల్యాప్‌టాప్‌లో చూశాను. ఉన్నమాట చెప్తే కోపం తెచ్చుకోకు. బంతి తిన్నగా వస్తే మీవాడు పులి. కొంచెం వంగిందా, ఫొటో దిగుతున్నట్టు నిలబడిపోతాడు. ఈ నెలలో ముప్పై ఒక్కసారి బంతికి బ్యాటు తగలకుండానే అవుటయ్యాడు. ఊరికే ఇస్తామన్నా మా జట్టు తీసుకోదు.

నాది ఆరు నెలల వీసా. అక్టోబరు 6న విమానం. అప్పటిదాకా నీతో పోట్లాడుకోవడానికి ఒక పని దొరికింది.

ఇట్లు,
అప్పలస్వామి


అల్ఫారెట్టా
మే 9

బావా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కోపం వచ్చింది. తరవాత పోయింది.

ఏప్రిల్‌లో ముప్పై ఒకటి, నిజమే. ఈ నెలలో ఇంతవరకూ మూడే. ఎందుకో చెప్తాను. ఇదివరకు బంతి రాకముందే ఎడమకాలు ఎత్తేసేవాడు. ఎత్తాక బంతి వంగితే ఏం చేయగలడు? ఇప్పుడు కాలు నేలమీదే ఉంచి, మడమ మాత్రం లేపుతున్నాడు. నేను కూర్చునేది ఫస్ట్ బేస్ పక్కన. నాకు వాడి మడమ కనపడుతుంది. మీ కంప్యూటర్‌కి కనపడుతుందో లేదో కనుక్కో.

నువ్వు వాడి చేయి గురించి ఒక్క ముక్క రాయలేదు. గత మంగళవారం రైట్ ఫీల్డ్ గోడ దగ్గర బంతి పట్టి, అక్కడినుంచే, పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేటుకి విసిరాడు. నేల తాకలేదు. అక్కడ కాచుకునే క్యాచర్ అడుగు కదపకుండా పట్టుకున్నాడు. థర్డ్ బేస్ నుంచి పరిగెత్తినవాడు సగం దారిలో ఆగిపోయి నవ్వాడు. ఇంక పరిగెత్తి ఏం లాభమని.

ఇంత పెద్ద ఉత్తరం రాసి చాలా ఏళ్లయింది. ఇంట్లో నాతో ఇంతసేపు మాట్లాడేవాళ్లు లేరు. వాళ్లకు తీరిక ఉండదు, నాకు మాట రాదు.

ఇట్లు,
సింహాచలం


బాతెల్
జూన్ 2

బావా,

మడమ సంగతి తేజతో అన్నాను. వాడు కంప్యూటర్ తెరిచి చూసి, "నాన్నా, ఇది మీకు ఎలా తెలుసు?" అన్నాడు. మే మొదటివారం నుంచి లెక్కలు మారాయట గాని, కారణం వాళ్లకు అందలేదట. సింహాచలం బావ కుర్చీలోంచి చూశాడన్నాను. నవ్వలేదు. రాసుకున్నాడు.

కాబట్టి నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. కొంతే.

ఇక్కడ రైట్ ఫీల్డ్‌లో ఆడేవాడికి మోకాలు పోయింది. కుర్ర అవుట్‌ఫీల్డర్ కోసం వెతుకుతున్నారు. జూలై 31 సాయంత్రం ఆరింటి లోపల తెచ్చుకోవాలి, ఆ తరవాత ట్రేడ్‌లకు తలుపు మూసేస్తారు. నా లెక్కలో మీవాడి విలువ బంతి వేసే మంచి పిచ్చరు ఒకడు, పైన ఒక బస్తా ఉల్లిపాయలు. ఇద్దరు పిచ్చర్లను అడిగితే మాత్రం మేం లేచి వెళ్ళిపోతాం. ఇరవై ఏళ్ల పిల్లాడు ఒక్క నెల బాగా ఆడాడు, అంతే కదా. వచ్చే నెలలో ఏమవుతాడో ఎవరికి తెలుసు?

ఏమంటావు? పిచ్చర్ని పంపమంటావా?

అప్పలస్వామి


అల్ఫారెట్టా
జూన్ 13

బావా,

నువ్వు సరదాకి రాశావు గాని నాకు సరదాగా లేదు.

మైదానంలో నా వెనక సీట్లలో రోజూ ఇద్దరు కూర్చుంటారు. ఒకాయనది తెల్ల గడ్డం. ఇంకొకాయన పొద్దుతిరుగుడు గింజలు తిని పొట్టు గ్లాసులో ఊస్తాడు. వాళ్ల ఇంగ్లీషు ఇప్పుడు నాకు చాలావరకు తెలుస్తోంది. మొన్న గింజలాయన, "ఈ పిల్లాడికి ఇప్పుడు మంచి ధర ఉంది. ధర ఉన్నప్పుడే వదిలించుకోవాలి" అన్నాడు. గడ్డమాయన ఒప్పుకోలేదు. "రెండేళ్లు ఆగు. అప్పుడు నువ్వే వీడి చొక్కా కొనుక్కుని తిరుగుతావు" అన్నాడు. "రెండేళ్లు నేను బతికుంటే చూద్దాం" అన్నాడు గింజలాయన. తరవాత నా భుజం తట్టి, మీరేమంటారు సార్ అని అడిగాడు. తిరిగి చెప్పేంత ఇంగ్లీషు నాకు లేదు. గుడ్ బాయ్ అన్నాను. ఎవరు గుడ్ బాయో వాళ్లకు తెలియలేదు. నేను వాడి తాతనని కూడా తెలియదు.

కారులో వస్తుంటే మానవ్‌ని అడిగాను. "ట్రేడ్ చేసేముందు నిన్ను అడుగుతారా?"

"అడగరు తాతా. కాల్ వస్తుంది. బ్యాగ్ సర్దుకోవాలి, అంతే."

"నాకు ఇష్టం లేదు అంటే?"

"ఇష్టం ఎవరూ అడగరు తాతా." రోడ్డు చూస్తూ చెప్పాడు. వాడికి బాధగా ఉన్నట్టు లేదు. బాధ నాకే.

గత వారం నుంచి సాయంత్రాలు మేమిద్దరం గ్యారేజ్‌లో కూర్చుంటున్నాం. ఎందుకని రష్మి అడిగింది. చల్లగా ఉంటుందని చెప్పాను.

సింహాచలం


బాతెల్
జూలై 7

బావా,

ఈ ఉత్తరంలో హాస్యం లేదు. నెమ్మదిగా చదువు.

తేజ మీవాడి పేరు రాసిచ్చాడు. ఇద్దరు పిచ్చర్లకు మానవ్ అని. నేను వద్దన్నదే వాడు రాశాడు. పైవాళ్లు చూశారు, బాగుందన్నారు. మీ కొంగ జట్టువాళ్లతో మాటలు నడుస్తున్నాయట. ట్రేడ్‌కి ముందు పాత జట్టు డాక్టరు కాగితాలే చూస్తారట, మనిషిని చూడరు. తేజ ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పకూడదు. నేను వాడి మొహం చూసి, కాగితం చూసి తెలుసుకున్నాను. నువ్వూ ఎవరితో అనకు.

నా భయం వేరే ఉంది. తేజది హెచ్-వన్ వీసా. గ్రీన్‌కార్డు వరసలో పన్నెండేళ్లుగా నిలబడి ఉన్నాడు. ఈ జట్టు ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేకపోతే ఇల్లు ఖాళీ చేసి దేశం వదలాలి. ఆటగాళ్ల లెక్కలు చూసే ఉద్యోగాలు వీధికొకటి ఉండవు. మనవరాలు నిధి ఇక్కడే పుట్టింది. రెండో తరగతి. దానికి మన ఊరు ఫొటోల్లోనే తెలుసు. ఈ ట్రేడ్ సరిగ్గా కుదిరితే వాణ్ని మేనేజరు చేస్తారు. తేడా వస్తే మొదట అడిగేది వాణ్నే.

నిన్న ఒక వీడియో చూశాను. జూన్ 29 నాటి ఆట. మానవ్ గోడ దగ్గర బంతి పట్టాడు. హోమ్ ప్లేటుకి విసరలేదు. దగ్గరున్నవాడికి అందించాడు. మేలో అయితే విసిరేవాడు కదా. తేజ, "కోచ్ అలా చెప్పి ఉంటాడు నాన్నా" అన్నాడు. అయి ఉండొచ్చు.

తేజకు తెలియకుండా అడుగుతున్నాను. నువ్వు రోజూ పక్కన ఉండేవాడివి. వాడి ఒంట్లో బాగుందా? ఒక్క మాట రాయి, చాలు.

అప్పలస్వామి


అల్ఫారెట్టా
జూలై 15

బావా,

నీ ఉత్తరం అందింది.

మానవ్ బాగానే ఉన్నాడు. రెండు పూటలా తింటున్నాడు. ఎనిమిది గంటలు పడుకుంటున్నాడు. మొన్న రెండు హోమ్ రన్‌లు కొట్టాడు. గడ్డమాయన లేచి చప్పట్లు కొట్టాడు.

ఇక్కడ ఎండలు బాగా ఉన్నాయి. మీ దగ్గర చల్లగా ఉంటుందని శ్యామ్ చెప్పాడు. ఒంటి మీద స్వెట్టరు ఉంచుకో.

సింహాచలం


అల్ఫారెట్టా
జూలై 25

బావా,

పది రోజుల కిందట నీకు అబద్ధం రాశాను.

జూన్ మొదట్లో ఒక సాయంత్రం మానవ్ గ్యారేజ్‌లో చొక్కా విప్పలేక ఎడమచేత్తో లాక్కుంటున్నాడు. నేను వెళ్ళి సాయం చేశాను. కుడి భుజం మీద చేయి వేశాను. మిల్లులో నార అందించి అందించి నా భుజం ఎలా అయిందో నీకు తెలుసు. ఆ భుజంతో పదేళ్లు ఎలా నెట్టుకొచ్చానో కూడా తెలుసు. వాడి చేయి మెల్లగా పైకెత్తాను. లోపల ఏదో జారి మళ్ళీ కూర్చుంది. నా వేళ్లకు తెలిసింది. వాడు పళ్లు బిగించాడు.

డాక్టరుకు చూపిద్దామన్నాను.

"నో తాతా. డాక్టర్ చూస్తే రిపోర్ట్ రాస్తాడు. రిపోర్ట్ వస్తే నన్ను ఎవరూ తీసుకోరు. ఒక్క సీజన్. ఆఫ్‌సీజన్‌లో నేనే చెప్తాను. నువ్వు ఎవరికీ చెప్పొద్దు, డాడీకి కూడా. ప్రామిస్ చెయ్."

చేశాను. అప్పటినుంచి రోజూ గోరువెచ్చని ఆముదంతో భుజం మర్దనా చేస్తున్నాను. చేసిన రోజు బ్యాట్ ఊపగలడు. విసరలేడు. విసరాల్సినప్పుడు దగ్గరివాడికి అందిస్తున్నాడు. నువ్వు చూసింది అదే.

ఆరేళ్లలో ఈ ఇంట్లో నన్ను ఒక పని అడిగినవాడు వాడొక్కడే. కాదనలేకపోయాను. నీ ఉత్తరం వచ్చాక, ఇటు చెప్తే వాడి బతుకు, అటు చెప్పకపోతే మీ తేజ బతుకు. గదిలో అటూ ఇటూ తిరిగాను. తలుపు తీద్దామంటే అది కూస్తుంది.

ఇదీ నిజం. ఇక నువ్వు ఏం చేసినా సరే.

సింహాచలం


బాతెల్
ఆగస్టు 3

సింహాచలం,

నీ ఉత్తరం ఆగస్టు 1న వచ్చింది. ట్రేడ్ ముందు రోజు సాయంత్రం అయిపోయింది. తేజ మిఠాయి తెచ్చాడు.

ఉత్తరం మీద నువ్వు వేసిన తేదీ జూలై 25. కవరు మీద పోస్టాఫీసు ముద్ర 28. మన ఉత్తరాలు నాలుగు రోజుల్లో అందుతాయని నీకూ తెలుసు, నాకూ తెలుసు. 25న వేస్తే 29న నా చేతిలో ఉండేది. ఆ మూడు రోజులు అది ఎక్కడుంది?

ఇంకొకటి. నా ఫోన్‌లో మాట వినపడదు గాని ఫొటో కనపడుతుంది. శ్యామ్ చేత ఉత్తరాన్ని ఫొటో తీయించి పంపితే నిమిషం పట్టేది. నీకు తోచలేదా?

ఉత్తరం తేజకు చూపించలేదు. చూపిస్తే వాడు ఆఫీసులో చెప్పి తీరాలి. చెప్తే, ఇంతకాలం నీకు తెలియదా అంటారు. నా చెవి మిషను పెట్టెలో, అడుగున పెట్టాను. ఇప్పుడు నేను కూడా నీలాగే దాచినవాణ్ని అయ్యాను.

మీ మానవ్ నిన్న ఇక్కడ దిగాడు. నన్ను చూసి కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఎడమచేత్తో.

అప్పలస్వామి


బాతెల్
సెప్టెంబరు 8

సింహాచలం బావా,

నెల దాటింది. నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

జరిగింది నీకు తెలుసు. ఆగస్టు 19న మానవ్ గోడ దగ్గరినుంచి హోమ్ ప్లేటుకి విసిరాడు. కొత్త జట్టు కదా, అందించి ఊరుకుంటే బాగుండదనుకున్నాడు. బంతి సగం దూరం కూడా వెళ్ళలేదు. వాడు మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. 28న ఆపరేషన్. ఒక ఏడాది ఆట లేదన్నారు. శ్యామ్, రష్మి వచ్చారు, మా ఇంట్లోనే ఉన్నారు. సెలవు అయిపోయి వెళ్ళాక, కుడిచేయి కట్టుతో పిల్లాడు ఒక్కడూ హోటల్‌లో ఎలా ఉంటాడని మేమే ఉంచుకున్నాం. మన ఊరి పిల్లాడు. అన్నం కలుపుకోలేడు. ఇందులో ఆలోచించేదేముంది? నేను ఆలోచించలేదు, తేజ ఆలోచించలేదు.

అక్కడే పడింది దెబ్బ. మానవ్ తేజ ఇంట్లో ఉన్నాడని ఆఫీసులో తెలిసింది. అతను మీ మనిషా అన్నారు. మీ నాన్నా వాళ్ల తాతా స్నేహితులా అన్నారు. భుజం పాతదని డాక్టర్లు చెప్తున్నారు, తెలిసే దాచి మాచేత ట్రేడ్ చేయించావా అని అడిగారు. తేజ లేదన్నాడు. నమ్మినట్టు లేదు. 18న కూర్చోబెట్టి తేలుస్తామన్నారు. తేలితే అరవై రోజులు.

ఆ రాత్రి నీ ఉత్తరం తీసి వాడికి ఇచ్చాను. చదివాడు. దానిలో అన్నీ ఉన్నాయి. నేను తేజకు తెలియకుండా అడిగానని నా ఉత్తరం నీ దగ్గరుంది. నువ్వు చెప్పలేదని, చెప్పింది ఆలస్యంగా చెప్పావని నీ ఉత్తరం, కవరు మీద ముద్రతో సహా నా దగ్గరుంది. అది చూపిస్తే తేజ బయటపడతాడు. కానీ మానవ్ రెండు జట్ల దగ్గరా కావాలని దాచాడని కూడా అందులోనే ఉంది. జట్టు వాణ్ని వదిలేస్తుంది. ఆ తరవాత ఇంకెవరూ తీసుకోరు.

తేజ ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టి, "చించేయండి నాన్నా" అన్నాడు.

"మరి నిధి చదువు, ఇల్లు?"

"పక్కగదిలో పిల్లాడు పడుకున్నాడు. వాడి కాగితం పట్టుకెళ్ళి నేను ఆఫీసులో పెట్టనా?"

నేను చించలేదు. నా కొడుకు మంచితనం చూసి సంతోషించాలో, తల బాదుకోవాలో తెలియడం లేదు. చూపించే హక్కు నాకు లేదు. ఉత్తరం నాకు రాశావు గాని మాట నీది, పిల్లాడు నీవాడు. ఇంతకాలం నువ్వు ఏదీ తేల్చలేదు బావా. ఇది నువ్వే తేల్చాలి.

అప్పలస్వామి


అల్ఫారెట్టా
సెప్టెంబరు 13

అప్పలస్వామి బావకి,

నీ ఉత్తరం నిన్న అందింది. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు ఇంకా అధ్వానంగా ఉంటాయి. ఓపిక పట్టి చదువు.

ముందు నువ్వు అడిగినదానికి జవాబు. ఆ మూడు రోజులు ఉత్తరం నా చొక్కా జేబులో ఉంది. 25న రాశాను. గోడమీద క్యాలెండర్ చూసి లెక్కపెట్టాను. ఆ రోజే వేస్తే 31కి ముందు అందుతుంది, 28న వేస్తే తరవాత అందుతుంది. రోజూ పోస్ట్ డబ్బా దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. శ్యామ్ ఫోన్ చేస్తే గాలికి తిరుగుతున్నానని చెప్పాను. 28న వేశాను. నీకు చెప్పినట్టూ ఉంటుంది, వాడికి ఏమీ కానట్టూ ఉంటుంది అనుకున్నాను. ఫొటో సంగతి తోచకపోవడం కాదు. తోచింది. మాట రానివాడు అమాయకుడని అందరూ అనుకుంటారు. నేను ఆ నీడలో బతికాను.

నిన్న సాయంత్రం మానవ్‌కి ఫోన్ చేశాను. నువ్వు పెరట్లో ఉన్నావట. ఉత్తరం చూపించమని మీకు రాయబోతున్నానని చెప్పాను. తేజ అంకుల్ ఉద్యోగం సంగతి చెప్పాను. వాడికి ఆ సంగతి తెలియదు. మీరు వాడికి చెప్పలేదు.

"తాతా, నువ్వు ప్రామిస్ చేశావు" అన్నాడు.

అవునన్నాను.

"దెన్ వై?"

నాకు తెలిసిన మాటల్లో చెప్పాను. నీ భుజంతో ఈ ఇంట్లో నాకు ఒక పని దొరికింది, అందుకని చెప్పకుండా ఉంచాను. అప్పుడే మీ నాన్నకు చెప్పి ఉంటే చిన్న ఆపరేషన్‌తో పోయేది. ఆ తప్పు నాది. నీ తప్పు నీది. తేజ అంకుల్‌ది ఏదీ లేదు, కానీ పడుతున్నది ఆయన అన్నాను. ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేశాను. తీయలేదు.

రాత్రి భోజనాల దగ్గర శ్యామ్‌కీ రష్మికీ మొత్తం చెప్పాను, ఆముదం దగ్గరినుంచి. రష్మి కంచం ముందునుంచి లేచిపోయింది. "మా పిల్లాడి భుజం విరుగుతుంటే ఈయన గ్యారేజ్‌లో కూర్చుని నూనె రాశాడు" అని లోపలినుంచి వినపడింది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. శ్యామ్ పొద్దున్నే ఇంగ్లీషులో నా మాటగా ఒక కాగితం రాసి తెచ్చాడు. జూన్ నుంచి నాకు తెలుసని, తేజేశ్వర్‌కి ఎవరూ చెప్పలేదని, అప్పుడు మానవ్‌ని ఆపవలసిన పెద్దవాణ్ని నేనేనని. కింద సంతకం పెట్టాను.

కాబట్టి బావా, చూపించు. తేజ వద్దంటే, సింహాచలం చూపించమన్నాడని చెప్పు. నీ మిగతా ఉత్తరాలు ఉంచుకుని, జూలై 7 నాటిది తిరిగి పంపుతున్నాను. అదీ పెట్టండి.

ఇది పోస్టుకు వదలడం లేదు. శ్యామ్ పక్కన నిలబడ్డాడు. రాయడం అవగానే మూడు కాగితాలూ ఫొటో తీసి నీ ఫోన్‌కి పంపుతాడు. కాగితాలు వెనక వస్తాయి. ఇప్పటిదాకా రాసింది వాడు చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

మానవ్ ఇంకా ఫోన్ తీయడం లేదు. మీ ఇంట్లోనే ఉన్నాడు కదా. వాడు నీతో ఏమైనా అంటే ఏమన్నాడో రాయి. ఏమీ అనకపోతే అదీ రాయి. 18 దాకా ఆగకు, ఈరోజే రాయి.

ఇట్లు,
సింహాచలం